టాక్సీవే మధ్య రాయి

మార్చి 8, ఆదివారం

ఆరాధన అయ్యాక గుడి నుంచి నేరుగా సమాధుల తోటకు. ఎండ అప్పుడే చుర్రుమంటోంది. గోడ అవతల మోదుగు విరగబూసి ఉంది, ఎవరు చూడాలనో.

ఏరోడ్రమ్ మైదానంలో మళ్లీ సర్వే వాళ్లు. ఎన్నికలప్పుడల్లా వచ్చి పోయేవాళ్లే అనుకున్నాను. కాదు. ఈసారి మూడుకాళ్ల మిషన్, కూలీలు, ట్రాక్టరు నిండా రాళ్లు. గోడ కూలిన చోటు నుంచి లోపలికే వచ్చేశారు. మామ సమాధి కాళ్ల దగ్గర గుంత తీసి రాయి పాతుతున్నారు. మోకాలెత్తు రాయి. నెత్తిన ఎర్రరంగు.

'గీడెందుకు పాతుతున్నరు?' అంటే మిషన్ దగ్గరి ఇంజనీరు మర్యాదగానే చెప్పాడు. 'టాక్సీవే మధ్యగీత గిక్కడికెల్లే పోతది మేడం. ఇమానం దిగేది రన్‌వే. దిగినంక ఆగే జాగదాక నడుసుకుంట పోయే తొవ్వ టాక్సీవే.'

'జర పక్కకు జరుపరాదా?'

'రన్‌వేకు ఇంత దూరంలనే ఉండాలె మేడం. రెక్కలు తగలద్దు గద.'

మరి సమాధులు? వేరే జాగకు తీసుకుపోతారట. రాయి ఉన్న ప్రతి సమాధినీ తవ్వి, పైలంగా తీసుకుపోతారట.

'రాయి లేనియో?'

ఆయన నేలవంక చూశాడు. తర్వాత మిషన్ వంక. 'రాయి లేకుంటె ఉన్నదని ఎట్ల ఎరుకైతది మేడం?'

నిజమే. కన్నతల్లికే ఎరుక లేదు ఎక్కడ ఉందో.

మార్చి 9

ఎనిమిదో తరగతి. పేపర్లో విమానాశ్రయం వార్త పడింది కదా, పిల్లలకు పాఠం వద్దు, అదే కావాలి. బోర్డు మీద గీశాను. పొడుగ్గా రన్‌వే. దాని పక్కనే ఇంకో గీత, టాక్సీవే. రెంటినీ కలుపుతూ అడ్డగీతలు. చివర విమానాలు ఆగే చోటు. టాక్సీవే లేకపోతే దిగిన విమానం రన్‌వే మీదే తిరిగి వెనక్కి రావాలి, అంతసేపు ఇంకోటి దిగడానికి లేదు. కాబట్టి దిగినది పక్కకు తప్పుకోవాలి. మధ్యలో పసుపు గీత. ఆ గీత పట్టుకుని మెల్లగా పోవాలి. అంచుల వెంట నీలం దీపాలు.

'గాలిల పోయేదానికి నడుసుడెందుకు టీచర్?' — వెనక బెంచీ నుంచి. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ పసుపు గీత కింద ఏముందో ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు. తుడిచేసి, నదుల పేర్లు రాయించాను.

మార్చి 11

మా ఆయన బస్సు డిపో నుంచి వచ్చి చేతుల గ్రీజు కడుక్కుంటుంటే అడిగాను.

'బిడ్డను ఏడ పెట్టినవ్?'

సబ్బు రుద్దుతూనే ఉన్నాడు. 'ఎన్నటి ముచ్చటనే అది.'

'ఏడ?'

'బాపు కాళ్లకాడ అని చెప్పిన గద.'

'కుడికా, ఎడమకా?'

'యాదికి లేదు సుగుణా. వాన పడుతుండె.'

వాన మాత్రం యాదికుంది.

రెండు రోజులు బతికింది నా బిడ్డ. ఆపరేషను కుట్లతో నేను దవాఖాన మంచం మీద. నాకు చూపించలేదు — చూస్తే తట్టుకోలేదన్నారు. పాస్టరయ్య వచ్చేలోపే పోయింది. బాప్తిస్మం లేదు, పేరు లేదు, రాయి లేదు. రాయి పెడదామని నేను అడిగితే ఆయన అత్తనడిగి వచ్చి చెప్పాడు, 'బాప్తిస్మం కాని పొల్లకు రాయేంది అంటున్నది అవ్వ.' మళ్లీ కడుపు పండలేదు. ఆ రోజు నుంచి పంతొమ్మిదేళ్లుగా అత్తకు అన్నం పెడుతున్నాను, మందులిస్తున్నాను. మనసిచ్చి మాట్లాడింది మాత్రం లేదు. మాట్లాడను కూడా.

మార్చి 15, ఆదివారం

ఆరాధన అయ్యాక ప్రకటన. కొత్త జాగ ఉట్నూర్ రోడ్డు దిక్కు ఇస్తారట. నంబర్లు వేయడానికి వచ్చిన రోజు ఎవరి సమాధుల దగ్గర వాళ్లు నిలబడాలట. ఒకాయన ప్రహరీగోడ కట్టిస్తారా అని అడిగాడు. ఇంకొకాయన, మా బాపు మీద గ్రానైటు వేయించాం, లేపేటప్పుడు పగిలితే ఎవరు జవాబుదారీ అని.

రాయి లేని వాళ్ల గురించి ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. నోరు తెరిచేసరికి పాట ఎత్తుకున్నారు. అందరితో పాటు పాడి వచ్చాను.

మార్చి 16

పప్పు మాడింది. అత్త ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

మార్చి 20

అత్తనే అడిగాను చివరికి. బీపీ గోళి చేతిలో పెడుతూ.

'మామ కాళ్లకాడనే పిల్లా.'

'కాళ్లకాడంటె ఏడ అత్తా? ఏ దిక్కు?'

'కాళ్లకాడంటె కాళ్లకాడనే. నన్ను తోల్కపో, చూపిస్త.'

చూపిస్తుందట. గోళికీ గుండీకీ తేడా తెలియనంతగా కళ్లు కమ్ముకుపోయిన మనిషి. రెండేళ్లుగా ఆపరేషను చేయించుకో అంటే వినదు. 'ఇగ చూసేదేమున్నది' అంటుంది. మొండి. ఆ మొండితనమే ఆ రోజు నా బిడ్డకు రాయి లేకుండా చేసింది.

మార్చి 23

మైదానంలో రాళ్లు వరసగా దిగుతున్నాయి. బడికి పోయే తొవ్వలో కనబడుతున్నాయి. ఎర్ర నెత్తులు.

మార్చి 28, శనివారం

సున్నాల రోజు. ఏటా మట్టల ఆదివారం ముందటి శనివారం తోటంతా శుభ్రం చేసి సమాధులకు సున్నం వేస్తాం, ఈస్టర్ తెల్లవారుజామున కొవ్వొత్తులు పెడతాం. ఈసారి ఎన్నడూ రానివాళ్లు కూడా వచ్చారు. నెల తిరక్కుండా పెకిలించే రాళ్లకు ఇంత ముస్తాబా. అత్తారింటికి పంపే పిల్లకు తలంటు పోసినట్టుంది.

అత్త ఆటోలో వచ్చింది. నేనే చేయి పట్టి నడిపించాను. మామ సమాధి మీద చేయి వేసింది. తల దగ్గర నుంచి కాళ్ల దాకా తడుముకుంటూ పోయింది. అక్కడ గొంతుకూర్చుని నేల తడమడం మొదలుపెట్టింది. గడ్డి, పల్లేరు కాయలు, పాత మైనం... చేయి పోయి ఆ రాయికి తగిలింది.

ఆగిపోయింది. రెండు చేతులతో చుట్టూ తడిమింది. నెత్తి మీద. మూలల మీద.

'ఓ పిల్లా... ఎవలో పుణ్యాత్ములు నా మన్మరాలికి రాయి పెట్టిన్రు.'

నేను నోరు తెరిచాను. సర్వే రాయి అత్తా, మొన్న నా కళ్ల ముందే పాతారు — ఇంతే అనాలి. ఆమె మొహం చూశాను. కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆ మొహం మీద అంత సంతోషం చూడలేదు.

'సున్నం ఇయ్యి' అంది.

ఇచ్చాను. బకెట్ పట్టుకుని నిలబడ్డాను. ఎర్రరంగు ఓ పట్టాన పోలేదు. ముందు గులాబీ, తర్వాత మసక తెలుపు, మూడో పూతకు గానీ తెల్లబడలేదు. ఇంకెక్కడన్నా ఉందా పిల్లా అని అడిగి అడిగి పూసింది.

ఎందుకు చెప్పలేదు? అత్త మీద జాలితో కాదు. అబద్ధం రాసుకోవడం ఎందుకు ఇక్కడ. ఆ రాయి నాకూ కావాలి.

మార్చి 29

చేతిలో ఖర్జూరపు మట్ట. గోళ్లలో సున్నం.

ఏప్రిల్ 3

శుభ శుక్రవారం. సిలువ మీది ఏడు మాటలు విన్నాను. ఒక్కటీ మనసుకెక్కలేదు. 

ఏప్రిల్ 5, ఈస్టర్

చీకటి విడకముందే తోట నిండా కొవ్వొత్తులు. ఇన్నేళ్లూ మామ కాళ్ల చుట్టూ బంతిపూలు విత్తనాలు చల్లినట్టు చల్లేదాన్ని, ఎక్కడున్నా ఒకటన్నా చేరుతుందని. ఇవాళ ఒక్క చోట పెట్టాను. ఒక్క కొవ్వొత్తి. గాలికి ఆరిపోతే మళ్లీ వెలిగించాను.

ఏడ్చాను. విమానాల కోసం పాతిన రాయి ముందు కూర్చుని కడుపారా ఏడ్చాను. నా మీద నాకే ఒళ్లు మండింది.

ఆయన మొదట గోడ దగ్గరే నిలబడ్డాడు. తర్వాత మామ తలవైపు దాకా వచ్చాడు గానీ ఆ రాయి దగ్గరకు రాలేదు. రాకపోతే మానె.

ఏప్రిల్ 8

నంబర్లు వేశారు. సర్వే వాళ్లు కాదు, వేరే ఆఫీసు మనుషులు. ఎర్రరంగు డబ్బా, బ్రష్షు. మామకు వేసి, రాయి దగ్గరకు వచ్చారు. సున్నం చూశారు, కరిగిన మైనం చూశారు.

'గిది ఎవలది?'

'నా మన్మరాలిది' అంది అత్త, ఎక్కడ వద్దంటారో అన్నట్టు రాయి మీద చేయి వేసి.

'పేరు?'

అత్త నా వైపు తిరిగింది. ఆయన డిపోకు పోయాడు, ఇంకెవరున్నారు చెప్పడానికి. కడుపుతో ఉన్నప్పుడే నాలో నేను అనుకున్న పేరు. ఎవరికీ చెప్పలేదు. ఈ పేజీల్లో కూడా ఎన్నడూ రాయలేదు.

'కృప' అన్నాను.

నంబరు వేసేశారు. ఎర్రనెత్తి రాయి తెల్లబడి, మళ్లీ ఎర్రబడింది. ఇరవయ్యో తారీఖున తవ్వుతారట, ఇంటివాళ్లు ఉండాలట.

ఆటోలో దారంతా అత్త నోట్లో అదే. 'కృప... మంచి పేరు పెట్టినవ్ బిడ్డా.' నా చేయి పట్టుకుంది. బిడ్డా అని పిలవడం ఇదే మొదలు. చేయి తీసేసుకుందామనుకున్నాను. ఇల్లొచ్చింది.

ఏప్రిల్ 10

సాయంత్రం తోటకు పోతే ఆ ఇంజనీరు రాయి ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

'మేడం, గిది మా రాయి గద.'

'కాదు. మా బిడ్డది.'

'నేనే పాతిపిచ్చిన మేడం. మీరు సూడంగనే.'

'చూసిన.'

వంగి గోటితో సున్నం గీకాడు. కింద ఎరుపు. పెకిలిస్తాడనుకున్నాను. పెకిలిస్తే ఏం చేయాలో కూడా అనుకున్నాను — ఏం చేస్తాను, మీద పడి పట్టుకుంటాను, అంతే. ఆయన లేచి చేయి దులుపుకున్నాడు.

'మాది కరీంనగర్ దిక్కు మేడం. మా ఊరు మొత్తం ప్రాజెక్టు నీళ్ల కింద పోయింది. మా తాత సమాధి మీద ఇప్పుడు చేపలు పడుతున్నరు.'

ఎర్రగా తేలిన చోట అరచేయి పెట్టాను.

'ఉండనియ్యిండ్రి. రాయి లేకున్న మాకేం గాదు. గీత మిషన్‌ల ఉన్నది.'

పోయాడు. మంచివాడే. కానీ ఆ మాట రాత్రి దాకా గుచ్చుతూనే ఉంది. రాయి పోయినా వాళ్ల గీత చెక్కుచెదరదు. నాకు ఆ రాయి తప్ప ఇంకేమీ లేదు.

ఏప్రిల్ 12, ఆదివారం

రాయబుద్ధి కావడం లేదు. అయినా రాయాలి.

అన్నం దగ్గర చెప్పాను, ఇరవయ్యో తారీఖు సెలవు పెట్టుమని.

'నేను రాను.'

'అందరి ఇండ్లల్ల మొగోళ్లు వస్తున్నరు.'

'నంబర్ చెరిపెయ్యమను. తవ్వనియ్యకు.'

'అది సర్వే రాయని నాకు ఎరుకనే. దాని పక్కపొంటి తవ్వమని చెప్త.'

'పక్కకు గూడ లేదు.' తల ఎత్తలేదు. 'గాడ ఏం లేదు సుగుణా. నేను తోటకే తీస్కపోలే.'

ముక్కలు ముక్కలుగా చెప్పాడు. వానట. దవాఖాన వసారాలో మూట పట్టుకుని నిలబడ్డాడట. తన చేత్తో తన బిడ్డకు గుంత తవ్వలేనని కాళ్లు కదల్లేదట. అక్కడ ఊడ్చే ఆమె ఎవరో వచ్చి, 'నాకియ్యి కొడుకా, నేను చూసుకుంట' అందట. ఇచ్చేశాడు. ఎక్కడ పెడతావని అడగలేదు. పొద్దుగూకే దాకా బస్టాండులో కూర్చుని, వచ్చి తన అవ్వకు చెప్పాడు — బాపు కాళ్లకాడ పెట్టి వచ్చిన అని. ఆ తర్వాత ఆ మాట వెనక్కి తీసుకోలేకపోయాడు.

'ఆమె మొహం యాదికుందా?'

'లేదు.'

'బిడ్డ మొహం?'

కంచంలో చేయి కడిగేసుకుని ఏడ్చాడు. నేను ఏడవలేదు. ఓదార్చనూ లేదు. చేట తెచ్చుకుని బియ్యం ఏరుతూ కూర్చున్నాను. ఏరిన బియ్యమే మళ్లీ ఏరాను.

ఏప్రిల్ 13

బడికి పోలేదు. జ్వరమని ఫోన్ చేశాను.

ఏప్రిల్ 14

అత్త కాళ్లకు నూనె రాస్తూ అడిగాను. గొంతు మామూలుగానే పెట్టుకున్నాను.

'బిడ్డకు రాయి వద్దని అప్పుడు నువ్వే అన్నవు గద అత్తా.'

'నేనెప్పుడన్న?' లేచి కూర్చుంది. 'రాయి పెడుదాంరా అని నేనే అంటె, వద్దన్నడు వాడు. నీకు ఇష్టం లేదన్నడు. రాయిని చూసినప్పుడల్ల ఏడుస్తవన్నడు. నేను మల్ల నోరెత్తలే.'

నాకు ఆమె పేరు చెప్పాడు. ఆమెకు నా పేరు చెప్పాడు. రాయి పెడితే కింద ఏముందో ఎప్పటికైనా తేలుతుందని భయం. ఇద్దరం ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి ముందు, ఒకరినొకరం ఒక్క మాట అడక్కుండా ఇన్నేళ్లు.

'పెట్టంగ నువ్వు కండ్లార చూసినవా?'

'నేనేడ చూస్త బిడ్డా. నీకాడ దవాఖానల ఉన్నది నేనే గద.'

అవును. మరిచేపోయాను. తడిగుడ్డ పిండి నుదుటి మీద వేసింది ఆమే. పాలు కట్టి రొమ్ములు రాయైతే పిండి పారబోసింది ఆమే. ఆ చేతులకు నేను ఇన్నేళ్లూ విసిరినట్టు అన్నం పెట్టాను. ఇప్పుడు ఈ కోపాన్ని అక్కడి నుంచి లేపి ఎక్కడ పెట్టుకోవాలి?

ఏప్రిల్ 15

ఆయనతో మాటల్లేవు. టిఫిను కట్టాను. ఎందుకు కట్టానో.

ఏప్రిల్ 16

అత్త తన తెల్లచీర కొంగు చింపి ఏదో కుడుతోంది. దారం నేను ఎక్కించి ఇచ్చాను. తడుముకుంటూ కుట్టు మీద కుట్టు. వేలికి సూది దిగితే నోట్లో పెట్టుకుని మళ్లీ కుడుతోంది. చిన్న సంచి. దిండు గలీబంత కూడా లేదు.

'ఎముకలన్న ఉంటయా పిల్లా? గింతే ఉంటయి గద. గిది సరిపోతదా?'

'సరిపోతది' అన్నాను.

ఆయన గుమ్మంలో నిలబడి విన్నాడు. ఆయన కూడా చెప్పలేదు. పాపం అనిపించలేదు. అనిపిస్తే బాగుండు అని కూడా అనిపించలేదు.

ఏప్రిల్ 17

నంబరు చెరిపేయమంటే అత్త ఎందుకని అడుగుతుంది. తవ్వనిస్తే మొరం గడ్డలు తప్ప ఏమీ రాదు. సంఘమంతా చూస్తుంది. అత్త సంచి తెరిచి పట్టుకుని నిలబడి ఉంటుంది. నిజం చెబితే... నిజం చెప్పి ఎవరికి ఏం పెట్టినట్టు? కొడుకు అబద్ధం ఆమెకు, మనవరాలి చావు మళ్లీ ఆమెకే. నాకు నిజం తెలిసి ఏం మేలు జరిగింది కనుక.

ఏప్రిల్ 18

ట్రంకుపెట్టె అడుగున ఊలు టోపీ. పసుపుది. ఏడో నెలలో అల్లాను. ఒక్క చోట అల్లిక తప్పింది, విప్పి అల్లుదాం అనుకుని వదిలేశాను. బిడ్డ తలకు ఎక్కనే లేదు. కలరా ఉండల వాసన. 

పిడికిట్లో పట్టేస్తుంది.

ఏప్రిల్ 19, ఆదివారం

రేపే. పాస్టరయ్య గుడిలో మళ్లీ చెప్పాడు, పొద్దున్నే రావాలని. ఇవాళ ప్రభురాత్రి భోజనం. రొట్టె తీసుకోవడానికి నేను లేవలేదు. అత్త తీసుకుంది. ఆయనా లేవలేదు, తల దించుకుని బెంచీలోనే కూర్చున్నాడు.

నిన్నటి నుంచి ఒకటే ఆలోచన. రేపు పాతికమంది ముందు తవ్వితే, ఇవాళ పాతిన టోపీ పంతొమ్మిదేళ్లుగా మట్టిలో ఉందని ఎవరూ నమ్మరు. నమ్మకపోతే పోనీ. నమ్మాల్సింది ఒక్క మనిషి. ఆమెకు కళ్లు లేవు. వేళ్లకు ఊలు తగిలితే చాలు.

అది తప్పో కాదో తెలియదు. తప్పయితే ఆయన చెప్పినదానికి ఇంకోటి జోడించినట్టే, ఆయనకూ నాకూ తేడా లేనట్టే.

అయినా టోపీ చేతిసంచిలో పెట్టాను. ఇంకా పొద్దుంది. పెరట్లో పార కోసం వెతుకుతుంటే ఆయన వచ్చాడు.

'ఎటు?'

వారం తర్వాత మొదటి మాట.

'నా బిడ్డను పెట్టనీకి.'

స్నానాల గది వెనక నుంచి పార తెచ్చాడు. చెప్పులు వేసుకున్నాడు. గేటు దగ్గర నిలబడ్డాడు. నేను లోపలికి వచ్చి ఇది రాస్తున్నాను, ఇంకా అక్కడే ఉన్నాడు. పార భుజాన లేదు, రెండు చేతుల్లో అడ్డంగా పట్టుకున్నాడు. రమ్మనలేదు నేను. వద్దనలేదు.

పక్కగదిలో మంచం కిర్రుమంది.

'ఎవలు పిల్లా గేటుకాడ? ఎటు పోతున్నరు మీరిద్దరు?'